దబ్బనాల డబ్బా

మొన్నమొన్నటి వరకూ మా ఇంట్లో అటక మీద ఒక రేకు డబ్బా ఉండేది. ఒకప్పుడు బిస్కెట్లు అమ్మిన డబ్బా. మూత మీద బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. అందులో గోనె సంచుల మూతి కుట్టే దబ్బనాలున్నాయి. తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయి, కదిపితే మోత కూడా రాని దబ్బనాలు. ఇల్లు మారిన ప్రతిసారీ మా ఆవిడ ఆ డబ్బాని పారేయబోయేది, నేను కస్సుమనేవాణ్ణి. "అందులో బంగారం దాసినారేటి?" అని ఆవిడ విసుక్కునేది. ఒకసారి మూత తీసి చూపించాను. అవెందుకు మా ఇంట్లో ఉన్నాయో మాత్రం చెప్పలేదు.

ఆ డబ్బా బరువు ఎంతుంటుంది? చిన్నపిల్ల కూడా ఎత్తుతుంది. నేను మాత్రం సగం జీవితం దాని కింద పడి నలిగాను.

నా పేరు రాయను. రాస్తే ఈ రెండు జిల్లాల్లో జెండా పట్టిన పాతవాళ్లందరూ గుర్తుపడతారు. గుర్తుపడితే పడనీ అనుకునేంత ధైర్యం ఉంటే ఎప్పుడో స్టేజీ మీదే చెప్పేవాణ్ణి. ఆ రేవు పేరు కూడా రాయను. నా తప్పుకి రేవుని ఎందుకు బద్నాం చెయ్యడం? మీరెవరో నాకు తెలీదు. తెలీదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

తప్పు ముందే చెప్పేస్తాను. దాచి దాచి చివర్లో చెబితే అది కూడా ఒక నాటకం అవుతుంది, నేను ఇప్పటికే చాలా ఆడాను. మా రేవులో సమ్మె గెలిచిన రోజు పర్మినెంటు జాబితాలోకి ఎవరెవర్ని తీసుకోవాలో మాట్లాడుతున్న గదిలో, ఆ సమ్మెని గెలిపించిన ఆడవాళ్లని తీసుకోమంటారా అని నన్ను అడిగారు. నేను అక్కర్లేదన్నాను. బయటికొచ్చి, వాళ్లు ఒప్పుకోలేదని ఆ ఆడవాళ్లతోనే చెప్పాను.

అంతే. రాస్తే ఇంతే ఉంది. దీనికి ఇన్నేళ్లు పట్టింది.

మాది కళింగపట్నం దగ్గర పల్లె. వంశధార కాలవ కింద కొంచెం వరి పొలం, దాని మీద ఆధారపడ్డ అన్నదమ్ములు ఎక్కువ. మా తాతల కాలంలో కళింగపట్నానికే ఓడలొచ్చేవట, మా ఊరివాళ్లు పడవల మీద సరుకు దింపేవారట. నా కాలానికి ఆ రేవులో చేపలు ఎండబెట్టుకోవడమే మిగిలింది. అందుకని పెద్ద రేవుకి పోయాను. అక్కడ ఓడల్లోంచి గోధుమలు విడిగా, గుట్టలుగా వచ్చేవి. వాటిని షెడ్డులో బస్తాల్లోకి నింపాలి, మూతి కుట్టాలి, లారీలకీ వ్యాగన్లకీ ఎక్కించాలి. నింపడం, మొయ్యడం మగవాళ్ల పని. కుట్టడం, ఒలికిన గింజలు ఊడ్చి చెరగడం ఆడవాళ్ల పని. మేం గేంగులుగా ఉండేవాళ్లం, ఒక్కో గేంగుకి ఒక పేరు. ఆడవాళ్ల గుంపుని అందరం 'చీపురు గేంగు' అనేవాళ్లం. వాళ్ల చేతిలో చీపురు కంటే దబ్బనమే ఎక్కువసేపు ఉండేది. అయినా చీపురు గేంగే అన్నాం. ఆ పేరులోనే చిన్నచూపు ఉందని అప్పుడు తెలీలేదు అంటే అబద్ధం. తెలుసు. అందరూ అంటున్నారని అన్నాను.

వాళ్లలో పెద్దది కరుణమ్మ. భావనపాడు వైపు మిషను చర్చి పేట ఆమెది. మొగుడు పోయాక కూతుర్ని వెంటేసుకుని రేవుకొచ్చింది. నేను చేరిన కొత్తలో బస్తాలు మోసి మోసి భుజం తోలు లేచిపోయి, గోడ చాటున కూర్చుని ఏడుస్తుంటే చూసింది. గోనె ముక్క ఒకటి నాలుగు మడతలు పెట్టి, మెత్తగా చుట్టూ కుట్టి, నా భుజం మీద వేసి సరిచూసింది. "ఏడిస్తే భుజం గట్టిపడదురా తమ్ముడూ, మోస్తే గట్టిపడతాది" అని తన పనికి తను పోయింది. ఆ రోజు నుంచి ఆమె నాకు అప్ప, మా వైపు అక్కని అలాగే పిలుస్తాం.

అప్ప అని పిలిచాను గానీ, ఇది కూడా చెప్పాలి, సమ్మె వచ్చేవరకూ ఆమె చేతి నీళ్లు తాగలేదు. తాగకూడదని ఎవరూ చెప్పలేదు. ఆమె ఇవ్వబోయినప్పుడల్లా నాకు దాహం ఉండేది కాదు, అంతే. యూనియన్‌లో చేరి, మనుషులంతా ఒకటేనని నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకున్నాక కూడా చాన్నాళ్లు నాకు దాహం వెయ్యలేదు. ఆమెకది తెలిసే ఉంటుంది. తెలిసినట్టు ఎప్పుడూ కనపడనివ్వలేదు.

సమ్మె ఎందుకొచ్చిందో వివరంగా రాయడం మొదలెడితే నేను మళ్లీ ఉపన్యాసంలోకి జారిపోతాను. ఒక్కటే కోరిక: మమ్మల్ని రేవు పర్మినెంటు పనివాళ్లుగా రాసుకోమని. ఓడ వస్తే పిలిచి, రాకపోతే పొమ్మనే బతుకు వద్దని. రాసుకుంటే ఓడ రాని రోజు కూడా ఇంత కూడు, జబ్బు చేస్తే రేవు ఆసుపత్రి, ముసలితనంలో పింఛను. మగవాళ్లమందరం పని ఆపేసి గేటు ముందు కూర్చున్నాం. అప్పటికి నేను యూనియన్ సెక్రటరీని. ప్రెసిడెంటు పట్నంలో పేరున్న వకీలు.

కాంట్రాక్టరు ఊరుకుంటాడా? బయటి మనుషుల్ని దింపాడు. సాలూరు నుంచి లారీలు వరసగా వచ్చి నిలబడ్డాయి. వచ్చినవాళ్లు కూడా మాలాంటివాళ్లే, ఆకలికి వచ్చారు, గోధుమలు బస్తాల్లోకి నింపేస్తున్నారు. సమ్మె పోయిందనే అనుకున్నాం. రాళ్లు వేద్దామని కొందరు లేచారు.

అప్పుడు కరుణమ్మ నా దగ్గరికొచ్చింది. చీపురు గేంగుని ఎవరూ పనివాళ్లుగా లెక్కపెట్టలేదు కదా, వాళ్లు సమ్మెలో ఉన్నారో లేదో కూడా ఎవరూ అడగలేదు. గేటు దగ్గర కావలివాళ్లు వాళ్లని రోజూ లోపలికి వదులుతూనే ఉన్నారు. మేం కూడా వాళ్లని రమ్మని పిలవలేదు. ఆమె చేతిలో బిస్కెట్ల డబ్బా ఉంది. వెనకాల ఆడవాళ్లందరూ ఉన్నారు. ఒక్కొక్కరే కొప్పులో గుచ్చుకున్న దబ్బనం తీసి ఆ డబ్బాలో వేశారు. పైన పురికొస ఉండ ఒకటి పెట్టి మూత బిగించి నా చేతికిచ్చింది.

"మూతి కుట్టని బస్తా ఎక్కడికి ఎల్తాదో సూద్దుం," అంది. "ఈ డబ్బా జాగర్తరా. సమ్మె అయినదాక ఎవులికీ ఇవ్వకు. మాకు కూడా ఇవ్వకు. ఆకలేసి మాలో ఎవుత్తైనా వచ్చి అడుగుతాది. ఇవ్వకు."

మేం కష్టపడి పెట్టిన సభల్లో ఎవరికీ తట్టనిది వాళ్లకి తట్టింది. వాళ్లు రోజూ లోపలికి వెళ్లేవారు, షెడ్డులో కూర్చునేవారు, చేతులు ముడుచుకునేవారు. కుట్టని బస్తాలు ఎత్తితే గింజలు ఒలికిపోయేవి. బయటి మనుషులకి ఆ కుట్టు రాదు. కొత్త దబ్బనాలు తెప్పించి ఇచ్చినా, మొదటి కుదుపుకే మూతి విడిపోయేది. షెడ్డంతా గోధుమలు. లారీలు ఖాళీగా నిలబడి నిలబడి, డ్రైవర్లు కాంట్రాక్టరుని తిట్టుకుంటూ వచ్చిన దారి పట్టారు.

సాయంత్రాలు చీపురు గేంగు తమ ఇళ్లలో దాచుకున్న గోధుమ నూక తెచ్చి, గేటు ముందు పెద్ద గుండిగలో అంబలి కాచేది. ఊడ్చిన దాంట్లో ఇంత వాళ్లది అనేది ఆ రేవులో పాత ఆనవాయితీ. ఏడాదంతా మట్టిలోంచి చెరిగి చెరిగి దాచుకున్న గింజలు మాకు పోశారు. కరుణమ్మ వడ్డించేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. గేంగుల పేర్లన్నీ చెప్పేది, చివర్లో రేవు ఆఫీసరుని కూడా కలిపేది. "ఆయన కోసం కూడా ప్రార్థనేటప్పా?" అని నేను నవ్వితే "ఆడికే ఎక్కువ గావాల్రా" అంది. ఆమె చేతి అంబలి అప్పుడు తాగాను. దాహం వేసింది కాబట్టి తాగాను. ఇంకేం లేక తాగాను. దాన్ని కూడా తర్వాత స్టేజీల మీద గొప్పగా చెప్పుకున్నాను.

ఇక ఆ గది.

లారీలు ఖాళీగా పోయాక మమ్మల్ని రేవు ఆఫీసుకి పిలిచారు. మా వకీలు ప్రెసిడెంటు, నేను, గేంగుల పెద్దలు కొందరు. నేను అంతవరకూ అటువంటి గదిలోకి వెళ్లలేదు. లోపల చల్లగా ఉంది. కుర్చీలకి మెత్తలున్నాయి. కూర్చుంటే నా చొక్కాకున్న గోధుమ దుమ్ము మెత్త మీద పడుతుందేమోనని అంచు మీద కూర్చున్నాను. పింగాణీ కప్పుల్లో టీ ఇచ్చారు, కింద సాసరుతో సహా. సాసరు ఏ చేత్తో పట్టుకోవాలో తెలీక వకీలుగారిని చూసి పట్టుకున్నాను. ఆఫీసరు నన్ను 'సెక్రటరీగారూ' అన్నాడు. ఆ పిలుపు నాకెంత తియ్యగా ఉందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం సిగ్గు లేదు. గర్వమే.

గేంగులన్నిటినీ ఒకటొకటిగా రాసుకోవడానికి ఒప్పుకున్నారు. మేం అనుకున్న దానికంటే తొందరగా, అనుకున్న దానికంటే మర్యాదగా. అప్పుడు ఆఫీసరు కలం ఎత్తి, కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి గేటు కనబడుతోంది. గేటు దగ్గర ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, తలకి గుడ్డలు చుట్టుకుని, కాళ్ల నిండా దుమ్ముతో. మా కోసం ఎదురుచూస్తున్నారు.

"ఆ ఆడవాళ్ల మాటేమిటి? ఆ చీపురు గేంగు. వాళ్లని కూడా రాసుకోమంటారా?" అన్నాడు.

వకీలుగారు నా వైపు చూశారు. "రేవులో పనిచేసేది మా సెక్రటరీ. అతనే చెప్పాలి" అన్నారు.

ఈలోగా పక్కనున్న ఇంకో ఆఫీసరు, "వాళ్లని రాసుకుంటే రేపు చీపుళ్లకి కూడా పింఛను అడుగుతారు సార్" అన్నాడు.

అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఎలా వచ్చిందో ఎన్నిసార్లు వెతుక్కున్నానో. భయపడి నవ్వానా? మర్యాదకి నవ్వానా? కాదు. నిజంగానే నవ్వొచ్చింది. ఆ కుర్చీలో కూర్చుని, ఆ సాసరు పట్టుకుని, కిటికీలోంచి చూస్తే వాళ్లు నాకు కూడా నవ్వులాటగానే కనిపించారు. నన్ను వాళ్లతో కలిపి చూస్తారేమోనని ఒక్క క్షణం ఒళ్లు మండింది. ఆ గుంపులో నా భుజానికి గోనె కుట్టిన మనిషి ఉంది. ఉందని తెలుసు. తెలిసే నవ్వాను.

"చెప్పండి, రాయమంటారా?" అని ఆఫీసరు మళ్లీ అడిగాడు. కలం కాగితం మీదే ఉంది.

"అక్కర్లేదు సార్. కూలికొచ్చిన ఆడోళ్లు. ఇవాళ ఉంటారు, రేపు పోతారు" అన్నాను.

ఆయన "సరే" అని కలానికి మూత పెట్టాడు.

ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరూ లంచమివ్వలేదు. ఆడవాళ్లని వదులుకుంటేనే మిమ్మల్ని తీసుకుంటామని ఎవరూ అనలేదు. ఏదో ఒకటి అలాంటిది జరిగి ఉంటే ఎంత బాగుండేది! దాన్ని పట్టుకుని బతికేవాణ్ణి. నిజానికి అలాంటిదొకటి కల్పించుకున్నాను కూడా: వాళ్లని చేరిస్తే మగవాళ్లలో కొందరికి చోటు పోయేదని, వాళ్ల సంసారాల కోసమే త్యాగం చేశానని. కొన్నేళ్లు ఆ కల్పన బాగానే పనిచేసింది. తర్వాత దానికి కూడా తుప్పు పట్టింది. నేను అవునంటే ఆయన రాసేవాడా? పై అధికారులు కొట్టేసేవారా? ఏమో. ఆ 'ఏమో' కింద చాలాకాలం తలదాచుకున్నాను. కానీ ఆయన అడిగిన మాట నిజం, కలం ఎత్తిన మాట నిజం.

గేటు బయటికి రాగానే మగవాళ్లు నన్ను భుజాలకెత్తుకున్నారు. నా మెడలో దండ పడింది. భుజాల మీద నుంచే ఆడవాళ్లని చూశాను. కరుణమ్మ గుంపుని తోసుకుని వచ్చింది. మొహమంతా నవ్వు.

"మాది ఏటన్నారు తమ్ముడూ?"

దిగి చెప్పాల్సింది. కనీసం దిగలేదు.

"ఎంతో అడిగానప్పా. ఒప్పుకోలేదు."

ఆమె మొహంలో నవ్వు వెంటనే పోలేదు. ఆలస్యంగా, కొంచెం కొంచెంగా పోయింది. తర్వాత వెనక్కి తిరిగి ఆడవాళ్లకి చెప్పింది. ఎవరూ అరవలేదు, నన్ను తిట్టలేదు. ఒకామె చెంగుతో మొహం తుడుచుకుంది. కరుణమ్మ మళ్లీ నా వైపు తిరిగి, "పోన్లేరా. మీది అయినాది గదా. మాది మల్లీ సూద్దుం. డబ్బా నీకాడే ఉంచు. మా కోసం సమ్మె సేసిన్నాడు గావాల" అంది.

మర్నాడు వాళ్లు కాంట్రాక్టరు ఇచ్చిన కొత్త దబ్బనాలతో పనిలోకి వెళ్లారు. పాతవి నా దగ్గరే ఉండిపోయాయి. వాళ్ల కోసం చెయ్యాల్సిన సమ్మెకి అవి పూచీ. ఆ సమ్మె ఎవరు పిలవాలి? సెక్రటరీ పిలవాలి. సెక్రటరీని నేనే. పిలవలేదు. పిలిస్తే మళ్లీ ఆ గదిలోకి వెళ్లాలి, ఆఫీసరు ఆశ్చర్యపోయి, "ఆ రోజు మీరే కదా అక్కర్లేదన్నారు" అంటాడు. ఆ ఒక్క మాటకి భయపడి ఏళ్లకేళ్లు గడిపేశాను. ఈ ఏడు పరిస్థితులు బాగాలేవని ఒకసారి, పై ఏడు చూద్దామని ఇంకోసారి. కరుణమ్మ అడగడం మానేసింది. నేను బాధపడతానని మానేసిందట. అది నాకు తర్వాత తెలిసింది.

కొన్నాళ్లకి బస్తాల మూతి కుట్టే మిషన్లొచ్చాయి. చీపురు గేంగుని ఒక్క రోజులో పొమ్మన్నారు. రాసుకున్నవాళ్లయితే ఇంకో పనిలో పెట్టాల్సి వచ్చేది. రాసుకోలేదు కదా! కరుణమ్మ తన ఊరికి పోయి, భావనపాడు ఒడ్డున చేపలు ఎండబెట్టే పనిలో చేరిందని విన్నాను. విని, ఆ పక్కకి ఎప్పుడూ వెళ్లకుండా జాగ్రత్తపడ్డాను.

నాకు మాత్రం అన్నీ అందాయి. క్వార్టరు, పింఛను. నా మోకాలికి రేవు ఆసుపత్రిలోనే ఆపరేషను చేశారు. మా ఆవిడ కళ్లకి కూడా అక్కడే చేశారు, ఇప్పుడు ఆవిడ కళ్లజోడు లేకుండా బియ్యంలో రాళ్లేరుతుంది. ప్రతి మే డేకీ నన్ను ఎక్కడో ఒకచోట పిలుస్తారు. శాలువా కప్పుతారు. నేను దబ్బనాల కథ చెబుతాను. ఆడవాళ్లు డబ్బాలో దబ్బనాలు వేసిన ఘట్టం దగ్గర నా గొంతు వణుకుతుంది, జనం చప్పట్లు కొడతారు. "కానీ యాజమాన్యం ఆ తల్లులని గుర్తించలేదు" అంటాను. గొంతు వణకడం నటన కాదు. అదే ఇంకా ఘోరం.

ఇలాగే పోయేవాణ్ణేమో. కిందటి నెలలో ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. పేరు జ్యోతి. మా తీరంలో ఇప్పుడు కొత్త రేవు కడుతున్నారు. అక్కడ ఊడ్చే పనికి, కడిగే పనికి ఆడవాళ్లని కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. వాళ్లంతా కలిసి యూనియన్ పెట్టుకుంటారట, నన్ను వచ్చి నాలుగు మాటలు చెప్పమంది. చదువుకున్న పిల్ల, మాట తిన్నగా ఉంది. టీ తాగుతూ అడిగింది: "తాతగారూ, ఆ రోజు అంత సమ్మె గెలిచారు కదా, ఆడవాళ్లనే ఎందుకు వదిలేశారు? యాజమాన్యం ఏం కారణం చెప్పింది? మాకు కూడా అదే చెబుతారు కదా, ముందే తెలిస్తే జవాబు తయారు చేసుకుంటాం."

చూశారా, నా మాట ఆ పిల్లకి పనికొస్తుందని వచ్చింది. లేని శత్రువు చెప్పిన లేని కారణానికి జవాబు తయారు చేసుకోవడానికి వచ్చింది.

నేనేం చేశాను? ఏళ్ల తరబడి అలవాటైన నోరు. "ఆళ్లు ఒప్పుకోలేదమ్మా, ఎంతో పోరాడాను" అన్నాను. ఒక కారణం కూడా అప్పటికప్పుడు అల్లి చెప్పాను.

ఆ అమ్మాయి తల ఊపింది. "మా అమ్మమ్మ కూడా అదే సెప్తాది. మా తమ్ముడు మా గురించి శానా అడిగినాడే, ఆళ్లే ఇవ్వలేదు, అని. ఆవిడకి మీరంటే శానా ఇది. కళ్లు పోయినాయి గానీ మీ గొంతు ఇంటే పోల్చుకుంటాది" అంది.

అమ్మమ్మ ఎవరని అడగలేదు. అక్కర్లేకపోయింది.

ఆ అమ్మాయి వెళ్లిపోయాక అటకెక్కాను. మా ఆవిడ కింద నుంచి కేకలేస్తోంది, మోకాలు విరుగుతుందని. డబ్బా దించుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కళ్లు పోయాయన్న మాటే చెవుల్లో తిరుగుతోంది. నీటికాసుల జబ్బట, వేళకి చూపించి ఉంటే నిలిచేవని డాక్టరు అన్నాడని ఆ పిల్లే చెప్పింది. ఏ ఆసుపత్రిలో చూపిస్తుంది? రేవు ఆసుపత్రి రాసుకున్నవాళ్లది.

మొన్న ఆదివారం చర్చి వదిలే వేళకి ఆమె ఊరు చేరాను. ఇల్లు చిన్నది, వాకిలి శుభ్రంగా అలికి ఉంది. కరుణమ్మ నులక మంచం మీద కూర్చుంది. మనిషి చిక్కిపోయింది గానీ కూర్చున్న తీరు అదే. "అప్పా" అన్నాను. అంతే, మొహం తిప్పి నవ్వేసింది.

"ఒరే తమ్ముడూ, నువ్వేట్రా! ఇన్నాళ్లకి దారి దొరికినాదేటి? ఒసే జ్యోతీ, మీ తాతొచ్చినాడు, నీళ్లియ్యి."

నీళ్లు తాగాను. గడగడా తాగాను. తర్వాత చెప్పాను.

దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆళ్లు ఒప్పుకోలేదని చెప్పినాను కదా అప్పా. అది అబద్ధం. రాసుకోమంటారా అని నన్నడిగారు. నేనే అక్కర్లేదన్నాను." గది సంగతి చెప్పాను, కలం సంగతి, చీపుళ్లకి పింఛను అన్న మాట, అందరూ నవ్విన సంగతి. జ్యోతి గుమ్మం దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. నేను ఆ పిల్ల మొహం చూడలేదు.

కరుణమ్మ తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఎందుకు చేశావని అడుగుతుంది, ఏం చెప్పాలో అనుకున్నాను. ఆమె అడిగింది అది కాదు.

"నువ్వు కూడా నవ్వినావేటి?"

"నవ్వానప్పా."

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. చూపు లేని మనిషి మొహం తిప్పుకోవడం చూడటం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

డబ్బా ఆమె చేతికి తగిలేలా మంచం మీద పెట్టాను. తడిమింది. మూత తియ్యడానికి చూసింది, రాలేదు, నేను సాయం చెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తనే పెనుగులాడి తీసింది. తుప్పు ముద్దలో వేళ్లు పెట్టి ఒక్కొక్క దబ్బనం విడదీస్తూ, నోట్లోనే ఎవరెవరివో పేర్లు అనుకుంది. వాళ్లలో ఎంతమంది ఉన్నారో, ఎంతమంది పోయారో నేను అడగలేదు. అడిగే అర్హత పోయింది కదా. తర్వాత మూత పెట్టి, "ఒసే జ్యోతీ, ఇది లోపలెట్టు. ఇంక మనకాడే ఉంటాది" అంది.

నేను ఇంకా కూర్చునే ఉన్నాను. దేనికోసం? పోన్లేరా అంటుందని. ఆ మాట కోసమే అంత దూరం వెళ్లానని అక్కడ కూర్చున్నాకే తెలిసింది. ఆ రోజు గేటు దగ్గర అంత తేలిగ్గా అనేసింది, ఇప్పుడు కూడా అంటుందని ఎక్కడో ఆశ. సిగ్గులేని ఆశ.

"బస్సుకి వేళయినాది," అంది చివరికి. "ఎల్లండి బాబూ."

ఒరే అనలేదు, తమ్ముడూ అనలేదు. రేవులో ఆఫీసర్లతో మాట్లాడినట్టే మాట్లాడింది.

జ్యోతి వీధి చివరి వరకూ వచ్చింది. మీటింగుకి రమ్మని మళ్లీ అనలేదు, రావద్దనీ అనలేదు. బస్సెక్కుతుంటే ఒక్కటే అడిగింది: "ఆయన నిజంగా కలం తీసి అడిగినాడా?" అవునన్నాను. "అయితే మా గురించి కూడా అడుగుతారు. ఆ గదిలో మేమే ఉండాల" అని తిరిగి వెళ్లిపోయింది. తనలో తను ఏదో సరిచూసుకుంటున్నట్టు గబగబా నడిచింది.

బస్సులో నా ఒడి ఖాళీగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఏడుపు వచ్చింది, ఎవరు చూస్తే నాకేమని ఏడ్చాను. ఆ ఏడుపు అయ్యాక మాత్రం, చెప్పడానికి మొహం చెల్లడం లేదు, ఎన్నో ఏళ్లకి సుఖంగా ఊపిరి పీల్చుకున్నాను. ఆమె చూపు పోయింది, నాకు తేలికైంది. ఇదేం న్యాయమో నాకు తెలీదు. న్యాయం కాదనుకుంటాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించేది కాదు, ఆమె క్షమించలేదు. ఒక్క పని చెయ్యండి. ఎక్కడైనా ఏ మే డే సభలోనో, ఎవరైనా శాలువా కప్పుకున్న ముసలాయన లేచి, ఆ రేవులో ఆడవాళ్లని యాజమాన్యం ఒప్పుకోలేదని గొంతు వణికించి చెబితే నమ్మకండి. వాళ్లు అడిగారు. నేను అక్కర్లేదన్నాను. అనే ముందు నవ్వాను.